పాత లారీ ఇంజను ఆయిల్ ఎందుకు తాగుతుంది?

చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కే పాత లారీ నీలం పొగ వదిలితే, ఆ ఇంజను డీజిల్‌తో పాటు ఆయిల్‌నీ కాలుస్తోందన్నమాట. నల్లపొగ వేరు, అది సరిగా కాలని డీజిల్.

ఆయిల్ మంట దగ్గరికి ఎలా చేరుతుంది? పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు అంటిన ఆయిల్‌ను కిందికి గీకేస్తుంటాయి. ఏళ్ల తరబడి రాసుకుని రింగులూ బోరూ అరిగితే, కొంత ఆయిల్ పైనే మిగిలి కాలిపోతుంది. వాల్వుల రబ్బరు సీళ్లు వేడికి గట్టిపడినా అంతే. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపే పొగ వస్తే ముందు ఈ సీళ్లను అనుమానించాలి. లోడుతో ఎత్తెక్కుతున్నంతసేపూ వస్తే రింగులను.

అరిగిన రింగుల సందుల్లోంచి మండిన గ్యాసు కిందికి దిగుతుంది. దాన్ని బయటికి పంపేది బ్రీదర్ పైపు. అది మసితో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బాగున్న సీళ్లలోంచి కూడా ఆయిల్ కారుతుంది. కాబట్టి ప్యాకింగులు కొనకముందే బ్రీదర్ శుభ్రం చేయాలి. దానికి ఖర్చు దాదాపు ఉండదు. అది చూడకుండానే ఇంజను విప్పమనడం యజమానికి అన్యాయం.

అప్పటికీ ఆయిల్ కారుతుంటే ఇంజను కడిగి, కొంతదూరం నడిపి, తడి ఎక్కడ మొదలైందో పైనుంచి వెతకాలి. టాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చడం సులువు. క్రాంక్ వెనక సీలు మాత్రం గేర్‌బాక్స్ దించితేగానీ అందదు. క్లచ్ పని పడ్డప్పుడే దాన్నీ మారిస్తే కూలి కలిసొస్తుంది. రింగుల పనికి బండి రోజుల తరబడి షెడ్డులో ఉండాలి. తోతాపురి మామిడిని గుజ్జు ఫ్యాక్టరీలకు తోలే సీజన్ రాకముందే అది పెట్టుకోవాలి.