పక్క టేబుల్ చూసి నేర్చిన సంసారం

అమెరికాలో వెండీస్ హాంబర్గర్ హోటళ్ళు పెట్టిన డేవ్ థామస్‌కి చిన్నప్పుడు సొంత ఊరంటూ లేదు, ఇంటి భోజనమూ అంతంతమాత్రమే. 1932లో న్యూజెర్సీలో పుట్టాడు. ఆరువారాల పసికందుగా ఉండగానే రెక్స్, ఆలీవా థామస్ దంపతులు దత్తత తీసుకున్నారు. అయిదేళ్ళు వచ్చేసరికి పెంచిన తల్లి పోయింది. తండ్రి పని వెతుక్కుంటూ ఊరూరా తిరిగేవాడు, వెనకాలే కొడుకు. వండిపెట్టే దిక్కు లేక చాలా పూటలు హోటళ్ళలోనే గడిచేవి. ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. దాంతో పిల్లవాడి చూపు పక్క టేబుళ్ళ మీదికి పోయేది. అక్కడ అమ్మా నాన్నా పిల్లలూ కలిసి కూర్చుని, కబుర్లాడుకుంటూ తినేవారు. హోటలు పెట్టాలన్న కోరిక ఆ వయసులోనే పుట్టిందని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నాడు.

ఆప్యాయత దొరికింది అమ్మమ్మ మిన్నీ సింక్లెయిర్ దగ్గర. దత్తత సంగతి డేవ్‌కి 13 ఏళ్ళప్పుడు చెప్పింది కూడా ఆమే. అన్నేళ్ళు తన దగ్గర దాచినందుకు మనసు చాలా కష్టపెట్టుకున్నాడు.

12 ఏళ్ళకే నాక్స్‌విల్‌లో రీగస్ రెస్టారెంటు కౌంటర్ వెనక నిలబడ్డ డేవ్, 15 ఏళ్ళకు ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో హాబీ హౌస్ అనే హోటల్లో చేరాడు. తండ్రి మళ్ళీ ఊరు మారతానన్నప్పుడు తాను మాత్రం కదల్లేదు. వైఎంసీఏలో గది తీసుకుని, చదువు మానేసి, పూర్తిగా పనిలోకి దిగాడు. తర్వాత సైన్యంలో చేరి, జర్మనీలో రోజూ సుమారు 2,000 మంది సైనికులకు భోజనం ఏర్పాటు చేసే మెస్ బాధ్యత చూశాడు. తిరిగి హాబీ హౌస్‌కే వచ్చాడు. అక్కడ వడ్డన పని చేసే లోరెయిన్‌ని 1954లో పెళ్ళి చేసుకున్నాడు. అయిదుగురు పిల్లలు.

అసలు పనితనం బయటపడింది కొలంబస్‌లో. హాబీ హౌస్ యజమాని, కెంటకీ ఫ్రైడ్ చికెన్ (కేఎఫ్‌సీ) స్థాపించిన కర్నల్ శాండర్స్ దగ్గర ఆ చికెన్ అమ్మే హక్కులు కొన్నాడు. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో నాలుగు చికెన్ దుకాణాలు నష్టాల్లో మునుగుతుంటే, 1962లో డేవ్‌ని పంపారు. వెళ్ళగానే చేంతాడంత మెనూకి కత్తెర వేశాడు. చికెన్, దానికి తోడుగా రెండు మూడు రకాలు, అంతే. ప్రకటనలకు డబ్బు లేకపోతే రేడియో స్టేషన్‌కి చికెన్ బకెట్లు ఇచ్చి ప్రసార సమయం కొన్నాడు. దుకాణం ముందు గిరగిరా తిరిగే బకెట్ బోర్డు ఆలోచన కూడా ఆయనదే అంటారు. ఆ దుకాణాల్లో దక్కిన తన వాటాను 1968లో అమ్మేస్తే దాదాపు 15 లక్షల డాలర్లు వచ్చాయి. అప్పటికి ఆయనకు 35 ఏళ్ళు.

మరుసటి ఏడు నవంబర్ 15న అదే ఊళ్ళో సొంత హోటలు తెరిచాడు. బర్గర్‌లో పెట్టే మాంసపు ప్యాటీని నలుచదరంగా చేయించాడు. మూలలు గుండ్రటి బన్ను దాటి బయటికి కనిపిస్తాయి, మాంసం ఎంత ఉందో కొనేవాడికి చూడగానే తెలుస్తుంది. మంచి వ్యాపారి ఎత్తే! పెనం మీద ఎక్కువసేపు ఉండిపోయి అమ్మకానికి పనికిరాని ప్యాటీలను చిదిపి, బీన్సు గింజలు, టమాటాలతో చిల్లీ అనే కూర వండేవారు. మన దగ్గర మిగిలిన ఇడ్లీ ఉప్మా అయినట్టే. తర్వాతి ఏడు రెండో శాఖలో, కార్లో వచ్చేవాళ్ళ కోసం ప్రత్యేకంగా పెనం, కిటికీ ఏర్పాటు చేశాడు.

పేరు మాత్రం నాలుగో సంతానానిది. మెలిండా లూ అని పిలవడానికి తోబుట్టువులకు నోరు తిరగక అది కాస్తా వెండీ అయింది. ఫోటో కోసం తల్లి ఆ ఎనిమిదేళ్ళ పిల్లకు రెండు జడలు వేసి, అవి పక్కలకు నిక్కి నిలబడేలా లోపల తీగలు పెట్టింది. తండ్రి ఫోటో తీశాడు. బోర్డు మీది బొమ్మకు మూలం ఆ పిల్లే.

పక్క టేబుళ్ళ మీద చూసిన కుటుంబాన్ని ఆయన ఇంట్లో కంటే ముందు బోర్డు మీదికి ఎక్కించాడేమో అనిపిస్తుంది. దుకాణాలు, ప్రయాణాల మధ్య ఇల్లు నడిపిన బరువు ఎక్కువగా లోరెయిన్‌దే. 1980లలో డేవ్ కాస్త పక్కకు తప్పుకున్నా, వ్యాపారం తడబడగానే మళ్ళీ పిలుపొచ్చింది. 1989 నుంచి పొట్టి చేతుల తెల్ల చొక్కా, ఎర్ర టైతో టీవీ ప్రకటనల్లో కనిపించాడు. నటన రాదు. ఆ రానితనమే జనానికి నచ్చింది. అలా 800కు పైగా ప్రకటనలు చేశాడు.

ఆ గుర్తింపును ఆయన పెట్టుబడి పెట్టింది దత్తత మీద. 1990లో అధ్యక్షుడు జార్జ్ బుష్ అడిగితే దత్తత ప్రచారానికి ఒప్పుకున్నాడు. రెండేళ్ళకు సొంత ఫౌండేషన్ పెట్టాడు. ప్రభుత్వ సంరక్షణలో ఉంటూ, వయసు పెరిగే కొద్దీ ఎవరూ ముందుకు రాని పిల్లలకు ఇల్లు వెతకడం దాని పని. ఈ పిల్లలకు దత్తత కుటుంబాలు వెతికే ఉద్యోగులకు జీతాలిచ్చే పథకం ఆయన పోయాక, 2004లో మొదలైంది.

చదువు మానేసిన వెలితి మాత్రం ఆయన్ని వదల్లేదు. తనను చూసి పిల్లలు బడి మానేస్తారేమోనని భయపడ్డాడు. 1993లో, 60 దాటాక, ఫ్లోరిడాలోని కోకోనట్ క్రీక్ హైస్కూల్ ద్వారా హైస్కూలు సమాన పరీక్ష రాసి గట్టెక్కాడు. ఆ ఏటి విద్యార్థులు వీడ్కోలు నృత్యంలో ఆయన్నీ లోరెయిన్‌నీ రాజూ రాణులుగా ఎన్నుకున్నారు.

2002 జనవరి 8న కాన్సర్‌తో కన్నుమూశాడు. అప్పటికి వెండీస్ శాఖలు సుమారు 6,000. చనిపోయే ముందు కూతురికి క్షమాపణ చెప్పాడట: హోటలుకు నా పేరే పెట్టుకోవాల్సింది, నీ నెత్తిన అంత బరువు పెట్టానని. ఆ మాట వెండీ చాలా ఏళ్ళకు, 2019లో బయటపెట్టింది. అప్పటికి ఆమె కూడా అదే వ్యాపారంలో ఉంది, తండ్రిలాగే టీవీ ప్రకటనల్లోనూ కనిపించింది.