మైలు - నుడికారము

ఏలూరు నుండి తాడేపల్లిగూడెము సుమారు 30 మైళ్లు, కిలోమీటర్లలో 48. లాటినులో వేయి జంట అడుగులకు చెల్లిన ఈ మైలు, ఆంగ్లేయులతో వచ్చి మన ఆమడను, కోసును వెనుకకు నెట్టినది. 1956 నాటి తూనికలు, కొలతల చట్టము మీటరును ప్రమాణము చేయగా, క్రమముగా రోడ్లపై కిలోమీటరు వెలసినది. అయినను జీవితఘట్టమును నేటికిని మైలురాయి అనియే అందుము.

ఇంగ్లీషు వాడుకయు ఇట్టిదే. ఆటపాక గూడబాతులను తలచుచు తరగతిలో కూర్చున్న బాలుని గూర్చి ఉపాధ్యాయుడు ‘మైల్స్ అవే’ అన్నచో, కొల్లేరు ఎన్ని మైళ్లని లెక్కింపరాదు; వాని మనసిక్కడ లేదనియే భావము. లెక్కలో మైలును 1.609తో గుణింపవలెను, నుడికారమును గుణింపరాదు. ఈ భేదము నేర్పనిచో విద్యార్థి అనువాదములో అంకె నిలుచును, అర్థము జారిపోవును.