వాలు కప్పు అసలు కొలత

ఏలూరు నుంచి కొల్లేరు వెళ్లే దారిలో పెంకుటిల్లు చూశారా? వాననీరు జారిపోవడానికే దాని కప్పు వాలుగా ఉంటుంది. పైనుంచి చూసినట్లు బొమ్మ గీస్తే, చూరు నుంచి కొప్పుకు 4 మీటర్లు వచ్చిందనుకోండి. ఆ లెక్కన పెంకులు కొంటే చాలవు! చూరుకన్నా కొప్పు 3 మీటర్లు ఎత్తు ఉందనుకుంటే, 4 వర్గం 16, 3 వర్గం 9, మొత్తం 25. అంటే అసలు వాలు 5 మీటర్లు. అయిదింట ఒక వంతు పెంకులు తక్కువపడతాయి.

మరి కప్పు అసలు ఆకారం బొమ్మలో ఎలా వస్తుంది? గోడ త్రిభుజంలా కనిపించే వైపు నుంచి గీసిన బొమ్మలో ఆ కప్పు ఒక ఏటవాలు గీత. ఆ గీతకు లంబంగా చూస్తూ మరో బొమ్మ గీయాలి. ఇదే సహాయక దృశ్యం. క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ గీతను ఎంచుకుంటే కంప్యూటరే దాన్ని గీస్తుంది. ఏ గీతను ఎంచుకోవాలో మాత్రం మీకే తెలియాలి!