జీపులోకి దుమ్ము వెనుక నుండి వస్తుంది

ఎండాకాలంలో మా ఓపీ వరండాలో కూర్చున్న వారిని చూస్తే, ఎవరు ఏ దారిన వచ్చారో అడగకుండానే చెప్పవచ్చు. శ్రీరాంపూర్ గనుల వైపు నుండి లారీల వెంట వచ్చిన వారి మెడ మీద నల్లటి చార ఉంటుంది. నెన్నెల, వేమనపల్లి వైపు లోపలి ఊర్ల నుండి మట్టి బాటన వచ్చిన వారి కనుబొమ్మలు, తల వెంట్రుకలు ఎర్రబడి ఉంటాయి. మెయిన్ రోడ్లకు తారు పడి చాలా ఏండ్లయింది. అయినా ఊరి చివరి రెండు మూడు కిలోమీటర్లు చాలా చోట్ల ఇప్పటికీ మట్టే. ఈ దుమ్ముకు మనము ఎంత అలవాటు పడినామంటే, దులుపుకొని నవ్వుకుంటాము. కాని ఉబ్బసం ఉన్నవారికి, అప్పుడే పుట్టిన బిడ్డకు, కట్టు కట్టిన పుండుకు ఇది నవ్వులాట కాదు.

కొన్నేండ్ల క్రితం ఒక తల్లి తన ఏడేండ్ల బాబును బాడిగ జీపులో తీసుకొని వచ్చింది. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు కొంచెం పిల్లికూతలు మాత్రమే ఉన్నాయట. పిల్లవానికి గాలి బాగా ఆడాలని పక్క అద్దాలన్నీ దించి, వెనుక డోరు సగం తెరిచి తాడుతో కట్టినారు. బాబును వెనుక సీటులో పడుకోబెట్టినారు. మా క్యాజువాలిటీకి చేరేసరికి వాని పెదవులు నీలమైనాయి, రెండు మాటలు కలిపి చెప్పలేకపోతున్నాడు. ఆక్సిజన్ పెట్టి, వెంట వెంటనే నెబ్యులైజర్ ఇచ్చి, రాత్రంతా కనిపెట్టుకొని ఉన్నాము. బాబు కోలుకున్నాడు. తెల్లవారి ఆ తల్లి నన్ను అడిగింది: "సిస్టరమ్మా, గాలి కోసమే కదా తెరిచినం?" ఆమెకు అప్పుడు చెప్పిన సంగతే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

వాగులో పెద్ద రాయిని చూడండి. నీరు రాయి ముందు భాగాన్ని తాకి రెండు ప్రక్కలకు చీలిపోతుంది. రాయి వెనుక మాత్రం నీరు సుడి తిరుగుతుంది. కొట్టుకువచ్చిన ఆకులు, చెత్త అక్కడే చేరి తిరుగుతూ ఉంటాయి. గాలిలో పోయే జీపు కూడా అలాంటి రాయే. బండి ముందుకు పోతుంటే దాని వెనుక గాలి ఒత్తిడి తగ్గుతుంది. చక్రాలు లేపిన దుమ్మంతా ఆ సుడిలోకే చేరుతుంది. వెనుక డోరుకు సందు ఉంటే దుమ్ము అందులో నుండి లోపలికి వస్తుంది. పక్క అద్దాలు దించితే ఇంకా ఎక్కువ వస్తుంది. ఎందుకంటే బండి ప్రక్కగా వేగంగా పోయే గాలి, లోపలి గాలిని కిటికీలో నుండి బయటకు లాగుతుంది. ఆ లోటును పూడ్చడానికి వెనుక సందుల నుండి దుమ్ముగాలి చొరబడుతుంది. ముందు కూర్చున్న వారికి చల్లగానే ఉంటుంది. వెనుక పడుకున్న రోగికే ఆ దుమ్మంతా.

కాబట్టి మట్టి బాట రాగానే వెనుక డోరు, అద్దాలు అన్నీ మూయండి. డాష్‌బోర్డులో బ్లోయర్ ఉన్న బండి అయితే దానిని పెద్ద స్పీడులో పెట్టండి. గాలి బయట నుండి లోపలికి వచ్చేటట్లు మీట ఉండాలి. బటన్ మీద కారు బొమ్మ, దానిలోకి బయట నుండి వచ్చే బాణం గుర్తు ఉంటుంది. బాణం కారు లోపలే గుండ్రంగా తిరిగే గుర్తు వేరు. దాన్ని పెడితే లోపలి గాలే తిరుగుతుంది, లోపల ఒత్తిడి పెరగదు. బయటి గాలిని ముందు నుండి తోసినప్పుడు బండి లోపల ఒత్తిడి కొంచెం పెరుగుతుంది. అప్పుడు సందులలో నుండి గాలి బయటకే పోతుంది గాని దుమ్ము లోపలికి రాదు. ఏసీ వేసినా ఇదే పద్ధతి. ఎదురుగా లారీ వచ్చి దుమ్ము కమ్మినప్పుడు మాత్రం ఒకటి రెండు నిమిషాలు లోపలి గాలికి మార్చి, మళ్లీ బయటి గాలికి పెట్టుకోవచ్చు. కొత్త బండ్లలో గ్లోవ్ బాక్సు వెనుక గాలి వడపోసే ఫిల్టర్ ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే బ్లోయర్ ఎంత తిరిగినా గాలి రాదు. ఇంజిన్ ఫిల్టర్ గురించి డ్రైవర్లు శ్రద్ధ తీసుకుంటారు గాని ఈ ఫిల్టర్ సంగతి చాలామంది అడగరు.

పరదా జీపుకు బ్లోయర్ ఉండదు. దానిలో వెనుక పరదాను కింది దాకా దించి, కొక్కేలకు గట్టిగా కట్టించండి. రోగిని వీలైనంత ముందుకు కూర్చోబెట్టండి.

సందులు ఎక్కడున్నాయో కనిపెట్టడం కష్టం కాదు. మట్టి బాటన ఒకసారి పోయి వచ్చి డోరు తెరవండి. దుమ్ము ఎక్కడ చారలు కట్టి ఉందో అక్కడే సందు. లేదా డోరుకు, రబ్బరు బీడింగుకు మధ్య ఒక కాగితం ముక్క పెట్టి డోరు మూసి లాగండి. బిగువుగా వస్తే బీడింగు బాగున్నట్టు, జారి వస్తే మార్చవలసినట్టు. కొత్త బీడింగు వేసినా దుమ్ము వస్తుంటే డోరు లాకు సడలి ఉందేమో మెకానిక్‌కు చూపించండి. గేరు రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు చిరిగినా, కింద ప్లోరులో రబ్బరు మూతలు ఊడిపోయినా అక్కడి నుండి కూడా వస్తుంది. డోరు అడుగున ఉండే చిన్న రంధ్రాలను మాత్రం మూయకండి. వాన నీరు పోవడానికి కంపెనీ వారు పెట్టినవి అవి.

ఇంకొక ముఖ్య విషయం. దుమ్ము వచ్చే సందులోంచే సైలెన్సర్ పొగ కూడా వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. బండిలో పొగ వాసన వస్తున్నా, కూర్చున్న వారికి తలనొప్పి, వికారం అనిపించినా బండి ఆపి అందరినీ దించి గాలికి నిలబెట్టండి. అటువంటి బండిలో, బాగు చేయించేవరకు, రోగిని ఎక్కించవద్దు. ఇంజిన్ నడుస్తుండగా అద్దాలు మూసిన బండిలో ఎవరినీ నిద్రపోనివ్వకండి.

వేగం తగ్గిస్తే దుమ్ము కూడా తగ్గుతుంది. ముందు లారీ పోతుంటే దాని వెనుకే పోకుండా ఒక చెట్టు కింద రెండు నిమిషాలు ఆగండి. డ్రైవర్లు మా మాట వినరు గాని, రోగి తల్లి చెబితే వింటారు.

రుమాలు కట్టుకుంటే సరిపోదా అని అడుగుతారు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కంటికి కనిపించే ముతక దుమ్మును రుమాలు ఆపుతుంది. 10 మైక్రాన్ల కంటే సన్నని దుమ్ము గొంతు దాటి శ్వాసనాళాల్లోకి పోతుంది, 2.5 కంటే సన్ననిది ఊపిరితిత్తుల గాలి సంచుల దాకా చేరుతుంది. దానిని రుమాలు ఆపలేదు. ముఖానికి సరిగ్గా అంటిపెట్టుకొనే ఎన్95 మాస్కు ఆపుతుంది. అయితే ఆయాసంతో రొప్పుతున్న వారికి, రెండేండ్ల లోపు పిల్లలకు మాస్కు వేయకూడదు. పసిబిడ్డను ఇంటికి తీసుకుపోయేటప్పుడు దుమ్ము పడకూడదని ముఖం మీద చీర కొంగు కప్పుతారు. దయచేసి అలా చేయవద్దు, బిడ్డకు ఊపిరాడదు. ముందు సీటులో కూర్చొని, అద్దం మూసి, బిడ్డ ముఖం మీకు కనిపించేటట్లు ఎత్తుకోండి. ఇన్‌హేలర్ వాడేవారు దాని మూత పెట్టి, చిన్న కవరులో వేసి, చేతికి అందేచోట ఉంచుకోండి.

క్షయ రోగి దగ్గుతూ బండిలో ఉంటే ఏమి చేయాలి? క్షయకు గాలి మారడమే మంచిది, దుమ్ముకు అద్దాలు మూయడం మంచిది. రెండూ ఎలా కుదురుతాయి? నాకు కూడా మొదట్లో ఈ సందేహం ఉండేది. తారు రోడ్డు మీద అద్దాలు దించండి. మట్టి బాటన మూసి, బ్లోయర్‌ను బయటి గాలికే ఉంచండి. అప్పుడు దుమ్ము ఆగుతుంది, గాలీ మారుతుంది. లోపలి గాలి తిప్పే బటన్ ఆ ప్రయాణంలో ముట్టుకోవద్దు. రోగి ఆయాసపడకపోతే మాస్కు వేయించండి.

మేము గ్రామాల క్లినిక్‌కు పోయేటప్పుడు మా సిస్టర్లకు నేను చెప్పేది ఇంకొకటి ఉంది. ఆటోక్లేవ్ నుండి తీసిన డ్రెస్సింగు డ్రమ్ము ప్రక్కన ఆవిరి పోయే రంధ్రాలు ఉంటాయి. వాటి పట్టీని వెంటనే జరిపి మూయాలి. ఒకసారి ఆ పట్టీ మూయడం మరిచి తీసుకుపోయాము. గాజు గుడ్డ మీద ఎర్రటి పొడి కనిపించింది. డ్రమ్ములోని సరుకంతా పక్కన పెట్టి, ఆ రోజు పుండ్లు కడగవలసిన వారిని తిరిగి పంపవలసి వచ్చింది. అందులో ఒక ముసలాయన నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చినాడు. అప్పటి నుండి డ్రమ్ము పూర్తిగా చల్లారిన తరువాతనే ప్లాస్టిక్ సంచిలో కట్టి, మూత ఉన్న పెట్టెలో పెడుతున్నాము. వేడి మీద కడితే లోపల తేమ పట్టి గుడ్డ పాడవుతుంది. మీ ఇంటికి ఇచ్చిన డ్రెస్సింగు ప్యాకెట్లను కూడా బండిలో విప్పవద్దు.

ఇంటికి చేరిన తరువాత బండిని చీపురుతో ఊడవకండి, సీట్లు కొట్టి దులపకండి. అడుగుకు దిగిన దుమ్ము మళ్లీ గాలిలోకి లేస్తుంది. ఊడ్చేది సాధారణంగా డ్రైవరే గనుక అదంతా అతని ఛాతీలోకే పోతుంది. ఒక బకెట్టు నీళ్లు, రెండు పాత గుడ్డలు చాలు. మొదట సీట్లు, డాష్‌బోర్డు, చివరకు కింద అడుగు తడిగుడ్డతో తుడవాలి. ఆ గుడ్డలను ఎండబెట్టక ముందే ఉతకండి.