గాలి లెక్క తప్పితే కరెంటు బేరం తప్పుతుంది

చంద్రగిరి: వేరుశనగ, బెల్లం వలె నేడు కరెంటు కూడా బేరమాడే సరకే. విద్యుత్ ఎక్స్ఛేంజీలో రోజును పదిహేనేసి నిమిషాల 96 భాగాలు చేసి, మరునాటికి ముందుగానే క్రయవిక్రయాలు జరుపుతారు. బెల్లాన్ని గిడ్డంగిలో నిలవ వేయవచ్చు. గాలిని నిలవ వేయలేము. ఒప్పుకున్న మేరకు ఇవ్వలేకపోతే తేడా సొమ్ము చెల్లించవలసిందే. కనుక గాలిమర యజమానికి రేపటి గాలి అంచనా ప్రాణప్రదమైనది.

ఈ లెక్కలో చిన్న తప్పు పెద్దదవుతుంది. గాలి శక్తి దాని వేగాన్ని మూడుసార్లు హెచ్చవేసిన తీరున పెరుగుతుంది. సెకనుకు 7 మీటర్ల గాలి 8 మీటర్లయితే శక్తి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది.

కంప్యూటరు వాతావరణాన్ని గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో వేడి, పీడనం, తేమ, గాలి మారే తీరును గణిస్తుంది. దీనిని సరిచూచుకొనేందుకు నేలపై పరిశీలనా కేంద్రాలున్నవి. సముద్రంపై అవి బహు తక్కువ. లారీలో రెండు మూటలు గుచ్చిచూచి సరకంతటికీ ధర కట్టినట్లవుతుంది. పైగా గాలి హెచ్చితే అలలు లేచి నీటి గరుకుదనం మారుతుంది. నీటికి, గాలికి గల వేడి తేడానుబట్టి ఎత్తుతోపాటు గాలి పెరిగే తీరూ మారుతుంది. ముందు వరుస మరలు వెనుక వరుసకు గాలిని తగ్గిస్తాయి.

శ్రీహరికోట నుంచి 2022 నవంబరులో ప్రయోగించిన ఓషన్‌శాట్-3 సముద్ర ఉపరితలపు గాలిని కొలిచేందుకు ఉద్దేశించినది. కాని మర రెక్కలు తిరిగేది నూరు మీటర్ల ఎత్తు ప్రాంతంలో. ఆ గాలిని లేజరు కాంతితో కొలిచే లైడార్‌ను 2017లో గుజరాత్‌లోని ఖంబాత్ సింధుశాఖలో నెలకొల్పారు.

ఇక్కడికి సమీపంలోని గాదంకి జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలలో 1024 యాంటెన్నాల రాడార్ వున్నది. అది కొలిచేది కిలోమీటర్ల ఎత్తులోని గాలిని. మర ఎత్తు గాలిని కాదు. అయినా పై గాలి లెక్క తప్పితే కింది లెక్కా తప్పుతుంది గనుక ఇటువంటి కొలతలు కంప్యూటరు లెక్కను సరిచూచుటకు అక్కరకు వస్తాయి.

గుజరాత్, తమిళనాడు తీరాలలో 500 మెగావాట్ల చొప్పున సముద్రపు మరలకు, కావలసిన రేవు సౌకర్యాలకు కలిపి రూ. 7,453 కోట్ల పథకాన్ని కేంద్రం 2024 జూన్‌లో ఆమోదించింది. సముద్రంలో పునాదుల ఖర్చు ఎక్కువ. గాలిని ఎక్కువగా అంచనా వేస్తే అప్పు తీరదు. అంచనాపై నమ్మకం కుదరకపోతే బ్యాంకులు వడ్డీ హెచ్చిస్తాయి. యూనిట్ ధర పెరుగుతుంది. ఎటు తిరిగినా ఆ భారం కరెంటు కొనేవారిపైనే పడుతుంది.