కోచింగ్ అంటే ర్యాంకులేనా?

విజయవాడలో కోచింగ్ అనగానే ఈఏపీసెట్, నీట్ గుర్తొస్తాయి. ఉద్యోగులకు ఇచ్చే కోచింగ్ వేరు. అక్కడ పాఠం ఉండదు, ప్రశ్నలుంటాయి. 1974లో టెన్నిస్ గురించి తిమోతీ గాల్వే రాసిన పుస్తకం ఈ పద్ధతికి దారి వేసింది.

ఆటోనగర్‌లో ఒక షెడ్డునే తీసుకోండి. చెయ్యి తిరిగిన మెకానిక్ సూపర్‌వైజర్ అవుతాడు. కుర్రాడు తడబడితే స్పానర్ లాక్కుని తనే బిగించేస్తాడు. పనైపోతుంది, కుర్రాడికి మాత్రం రాదు. ఆ ఉస్తాద్ సెలవు పెడితే షెడ్డు ఆగిపోతుంది. కోచ్ వచ్చి ఇంజన్ గురించి చెప్పడు (అది ఉస్తాద్‌కే బాగా తెలుసు). “ఈ వారం మీరు వదిలేసే పని ఏది? ఎవరికి అప్పగిస్తారు?” అని అడుగుతాడు. వచ్చే వారం మళ్లీ అదే అడుగుతాడు. మార్పు తెలిసేది ఆ రెండోసారే.

ఫీజు కంపెనీ కట్టినా, కోచ్‌తో చెప్పుకున్నవి యజమాని చెవిన పడకూడదు. ఆ సంగతి మొదటి రోజే తేల్చుకోవాలి.