ఒడ్డు చేరినా ఉద్యోగం వీడని జలాంతర్గామి

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో రోడ్డు పక్కన కాంక్రీటు దిమ్మెలపై నిలిచిన 91 మీటర్ల ఉక్కు ఓడను చూసేందుకు వచ్చేవారికి లోపల మొదట ఎదురయ్యేది యంత్రం కాదు, మనిషి. నౌకాదళంలో కొలువు ముగించుకుని, ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోదగిన వయసులో మళ్లీ అదే ఇరుకు గదుల్లోకి వచ్చిన మాజీ నావికులే ఈ ప్రదర్శనశాలకు మార్గదర్శకులు. మ్యూజియం అంటే అద్దాల పెట్టెలు, వాటి ముందు కునుకు తీసే కాపలాదారు అని అలవాటు పడిన మన దేశంలో ఇది అరుదైన ఏర్పాటే.

సోవియట్ యూనియన్‌లో నిర్మితమైన ఐ.ఎన్.ఎస్. కురుసుర 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరింది. 31 సంవత్సరాలు సేవలందించి, 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. సాధారణంగా ఆ తర్వాతి మజిలీ తుక్కు వ్యాపారి చెంతకే. కానీ సుమారు 5.5 కోట్ల రూపాయల వ్యయంతో దీనిని ఒడ్డుకు లాగి, 2002 ఆగస్టులో దేశంలో తొలి జలాంతర్గామి ప్రదర్శనశాలగా ప్రారంభించారు. నిర్వహణ బాధ్యత విశాఖ నగరాభివృద్ధి సంస్థ చేపట్టింది.

లోపల ఏడు విభాగాలు. ఒకదాని నుంచి మరొకదానిలోకి వెళ్లాలంటే గుండ్రని కంతలో నడుము వంచి, కాలు ముందు పెట్టి దూరాలి. సుమారు 75 మంది సిబ్బంది, 22 టార్పిడోలు, మూడు డీజిల్ ఇంజన్లు, బ్యాటరీల బరువు అన్నీ ఈ గొట్టంలోనే. మంచినీరు తాగడానికీ వంటకూ పొదుపుగా వాడుకోవాలి. స్నానం ఊసు లేదు. పడకలు మనుషుల సంఖ్యకు చాలవు. ఒకడు డ్యూటీకి లేచిన పడకపై మరొకడు వాలేవాడు. ఈ సంగతులు బోర్డుపై రాసిపెడితే చదివి మరచిపోతారు. అక్కడ బతికినవాడు చేయి చాపి చూపి చెబితే, అల్లరి చేస్తున్న పాఠశాల పిల్లలు సైతం ఒక్క క్షణం ఊపిరి బిగబడతారు.

ఈ పనిలోని తృప్తికి మూలం కూడా అక్కడే ఉంది. జలాంతర్గామి కొలువు స్వభావరీత్యా మౌనవ్రతం వంటిది. ఎక్కడికి వెళుతున్నదీ, ఎప్పుడు వస్తున్నదీ భార్యాబిడ్డలకు సైతం చెప్పరాదు. ఉద్యోగ జీవితమంతా నోరు కట్టుకున్న మనిషికి, ఆ జీవితం ఎలా ఉండేదో పరాయివారికి వివరించడమే పనిగా లభించడం చిన్న విషయం కాదు.

చెప్పడంలోనూ నిష్ఠ అవసరం. 1971 యుద్ధంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ సమీపంలోనే మునిగింది. కాగా కురుసుర ఆ రోజుల్లో గస్తీ తిరిగింది అరేబియా సముద్రంలో. రెండు కథలనూ కలిపి అల్లితే వినేవారికి రుచిస్తుంది. కానీ అది చరిత్ర కాదు.

ఒడ్డుకు చేరిన ఓడకు సముద్రమే శత్రువు. ఉప్పుగాలి పగలూ రాత్రీ ఉక్కును తినివేస్తూనే ఉంటుంది. ప్రారంభమైన కొన్నేళ్లకే పైపొట్టు తుప్పు పట్టి కొత్త రేకులు వేయవలసి వచ్చింది. గీకడం, రంగు పూయడం, మళ్లీ గీకడం. సందర్శకుల కంటబడని ఈ చాకిరీ ఆగితే ఏమవుతుందో ముంబయిలో దేశం చూసింది.

1971లో బంగాళాఖాతంలో నిలిచి చిట్టగాంగ్, కాక్స్ బజార్‌లపై దాడులు జరిపిన విమానవాహక నౌక విక్రాంత్ 1997లో విరమించి, ముంబయిలో ప్రదర్శనశాలగా కొనసాగింది. పెట్టుబడి పెట్టేవారు ముందుకు రాలేదు. భద్రత లేదంటూ 2012లో మూసివేశారు. 2014లో సుమారు 60 కోట్ల రూపాయలకు వేలం వేశారు. తుక్కుగా మార్చవద్దని కోరిన పిటిషనును సుప్రీం కోర్టు తోసిపుచ్చింది. ఆ ఉక్కులో కొంత మోటారు సైకిళ్ల తయారీకి వెళ్లింది! తర్వాతి నౌక విరాట్‌ను ప్రదర్శనశాలగా మలచే ప్రతిపాదన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముందుకూ వచ్చింది గాని ఫలించలేదు. 2020లో అది అలంగ్ తీరం చేరింది. విక్రాంత్ పేరు 2022లో కొత్త నౌకకు దక్కింది. పాత ఓడ మాత్రం లేదు.

కురుసురకు ఎదురవుతున్న ప్రశ్న వేరు. రేకులు మార్చవచ్చు, రంగు వేయవచ్చు. ఈ తరగతికి చెందిన జలాంతర్గాముల్లో చివరిదైన వాగ్లీ 2010 డిసెంబరులో నౌకాదళం నుంచి వైదొలగింది. అంటే ఈ రకం ఓడలో నీటి అడుగున కాపురం చేసినవారు ఇక కొత్తగా తయారు కారు. ఉన్నవారి వయసు మాత్రం పెరుగుతోంది. ఏ మీటను ఎవరు, ఏ ఆజ్ఞపై తిప్పేవారు, డీజిల్ వాసన అన్నంలోకి ఎలా దిగేది, లోపలి వేడిలో రాత్రెలా గడిచేది అన్నవి వారి నోటనే ఉన్నాయి. ఇంకా ఒంట్లో శక్తి ఉండగానే ఆ మాటలన్నిటినీ విభాగాల వారీగా రికార్డు చేసి భద్రపరచాలి. అందుకయ్యే ఖర్చు ఒక్క విడత రంగులకయ్యే ఖర్చును కూడా మించదు.